వసారాలో తుమ్మపాల తోవ

మొన్న సాయంత్రం వానకి చెమ్మగిల్లిన బెల్లం వాసన తగిలి మార్కెట్ గేటు దగ్గర ఆగిపోయాను. మా సత్యవతి మేడం ఉంటే ఆగనిచ్చేవారు కాదు. పని ముగించుకుని ఇళ్ళకు పోయే కూలీల పక్కన నడుస్తూ వాళ్ళ కథలు వినడమే ఆవిడ పరిశోధన. యూనివర్సిటీలో చరిత్ర చెప్పినన్నాళ్ళూ, రిటైరై అనకాపల్లి వచ్చాక కూడా, పట్నాలను మోసిన కూలీల గురించే రాశారు. ఆవిడ దగ్గర రీసెర్చికి చేరిన కొత్తలో నేను ప్రశ్నలు టైపు చేసుకుని వెళితే చదివి నవ్వారు.

"కుర్చీలో కూర్చోబెడితే మనిషి జవాబులు చెబుతాడు నాయనా. పక్కన నడిస్తే బతుకు చెబుతాడు. ముందు ఆ బూట్లు మార్చు."

ఆ రోజే చెప్పులు కొనుక్కున్నాను.

ఆవిడ చివరి పుస్తకం ఈ మార్కెట్ మీదే. అందులో ఒక్క నడక మిగిలింది, ఏళ్ళ తరబడి బెల్లం దిమ్మలు మోసిన పైడమ్మతో తుమ్మపాలలోని ఆమె ఇంటిదాకా. ఈలోపే గుండెజబ్బు మేడంను మంచాన పడేసింది. నేనే పైడమ్మను మేడం ఇంటికి పిలుచుకొచ్చి కుర్చీ వేశాను. ఏమడిగినా, "ఏటుంది బాబు, మోసేం, బతికేం" అంటుందే తప్ప మరో మాట లేదు. మేడం గోడవైపు తిరిగి పడుకున్నారు. పుస్తకం ఇక పూర్తికాదని ఆవిడకు తెలిసిపోయింది. నాకు ఏడుపొచ్చింది.

అది చూసి పైడమ్మ లేచి వెళ్ళి, మేడం చెయ్యి తన భుజం మీద వేసుకుంది.

"లెగండమ్మా. ఈ వసారాయే మా తోవ అనుకుందాం."

ఇద్దరూ వసారాలో ఆ కొసనుంచి ఈ కొసకి మెల్లగా నడిచారు. "ఇదిగో, గేటు దాటేం. ఇక్కడే మా పెద్దోడికి పాలిచ్చీదాన్ని. మేస్త్రీ సూత్తాడని బళ్ళ సాటుకి ఎల్లీదాన్ని."

రోజూ సాయంత్రం వచ్చి కొంత దూరం నడిపించేది. రికార్డరు పట్టుకుని వెనకే నేను. మేడం మొహంలో కళ చూసి, గండం గడిచిందనే అనుకున్నాను. కథ కాలవగట్టుకు చేరిన రోజు, "రేపు కాలవ దాటుదాం పైడమ్మా" అన్నారు. "అలాగేనమ్మా, దాటితే మా ఇల్లే" అంది పైడమ్మ. తెల్లారేసరికి మేడం లేరు.

దినవారాలయ్యాక పైడమ్మ నన్ను అసలు తోవన తీసుకెళ్ళింది. దారి పొడుగునా నోరు విప్పలేదు. కాలవగట్టు ఎక్కాక ఆగింది.

"ఇక్కడిదాకా అమ్మకి సెప్పేను బాబు. ఇక్కణ్ణించి నువ్వు ఇను."

విన్నాను. పుస్తకమూ వచ్చింది. మొన్న మార్కెట్ గేటు దగ్గర ఒక కూలీ ఇంటిదారి పడుతుంటే అతని పక్కన నడక మొదలుపెట్టాను. ఎవరితో నడిచినా, రెండోవైపు మేడంకి కాస్త చోటు వదిలి నడవడం నాకు అలవాటైపోయింది.