చిన్నాయన జట్టు గెలిచిన ఏడాది

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఫుట్‌బాల్ పిచ్చి ఆడే మనిషి కంటే చూసే మనిషికే ఎక్కువ. ఆడేది మా చిన్నాయన, చూసేది మా నాయన. దిల్‌సుఖ్‌నగర్‌లో కాలేజీ చదువుతున్న చిన్నాయన ఆ కాలేజీ జట్టుకు గోల్‌కీపరు. మా నాయన సిటీ బస్సు డ్రైవరు. డ్యూటీ దిగి, ఖాకీ చొక్కా కూడా మార్చకుండా నేరుగా గ్రౌండుకు పోయి, గోలు వెనకాల నిలబడి తమ్ముడికి సలహాలు ఇచ్చేవాడు. ఆయన జన్మలో బంతి తన్నినవాడు కాదు. అయినా, "ఎదురుంగ బండి ఎటు తిరుగుతదో తెలిసినోనికి బాలు ఎటొస్తదో తెల్వదా" అనేవాడు. అన్న అంటే భయం కాబట్టి చిన్నాయన నోరెత్తేవాడు కాదు.

ఆ జట్టు అంతకుముందు ఏ ఏడాదీ మొదటి ఆట దాటింది లేదు. కాలేజీల పోటీలకు పోయేది, ఓడేది, తోవలో మిర్చి బజ్జీలు తిని ఇంటికొచ్చేది. ఆ ఏడాది ఏమైందో ఏమో, మొదటి ఆట గెలిచారు. రెండోదీ గెలిచారు. ఏటా వీళ్లను చితక్కొట్టే పెద్ద కాలేజీ వాళ్ల మీద కూడా ఒక్క గోలుతో గట్టెక్కారు. గెలిచిన ప్రతిసారీ నాయన నన్ను భుజం మీద ఎక్కించుకుని కొత్తపేటలో మా ఇంటిదాకా నడిచేవాడు. అంత పిల్లను మోస్తావేందని అమ్మ తిట్టేది. నాకు ఆట సంగతి పెద్దగా తెలియదు, ఆ భుజం కోసం వాళ్లు గెలవాలని మొక్కుకునేదాన్ని.

సెమీఫైనల్ దగ్గరికొచ్చింది అనగా నాయన డిపోలో కూలిపోయాడు. దవాఖానకు తీసుకుపోయేలోపే అయిపోయింది. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. నాయనను చాప మీద పడుకోబెట్టారు, అందరూ ఏడ్చారు, నాకు మాత్రం రాలేదు. ఏడుపే కాదు, ఏదీ రాలేదు. ఆకలి తెలియలేదు, నిద్ర తెలియలేదు. మనుషుల పెదవులు కదులుతుంటే చూస్తూ గోడకానుకుని కూర్చున్నాను.

ఇంట్లో పొయ్యి వెలిగించకూడదు కాబట్టి పక్కింటి గుంటూరు ఆంటీ అన్నం తెచ్చి పెట్టేది. చాలా మంచి మనిషి. నా సంగతి మొదట కనిపెట్టింది ఆవిడే. "పిల్ల బిగుసుకుపోయిందండీ, ఎలాగైనా ఏడిపించండి, లోపల ఉండిపోతే మంచిది కాదు" అంది. ఇక నన్ను ఏడిపించడం వచ్చిన వాళ్లందరికీ ఒక పని అయింది. ఒకామె నాయన చెప్పులు తెచ్చి నా ముందు పెట్టింది. ఇంకొకామె మీ నాయన ఇంక రాడు బిడ్డా అని చెవిలో చెప్పింది. నేను చెప్పుల వంక చూశాను. ఎడమదానికి కొత్తగా పట్టీ కుట్టించాడు, బాగానే కుట్టారు అనుకున్నాను. చివరికి మా మేనత్త అననే అంది, "దీనికి తండ్రి మీద పానమే లేదు" అని. అంత మొద్దుబారి ఉన్నా ఆ మాట మాత్రం లోపలికి దిగింది. నాయన మీద ప్రేమ ఉంటే ఏడుపు రావాలి, రాలేదంటే లేనట్టే కదా అనుకున్నాను. అందరూ చూస్తుండగా నేను చెడ్డ పిల్లనని తేలిపోయిందని భయపడ్డాను.

అప్పుడు నన్ను కాచింది మా నానమ్మ. పరామర్శకు ఎవరు గడప తొక్కినా చటుక్కున నన్ను ఒళ్లోకి లాక్కుని, తల మీద కొంగు కప్పి, శోకం అందుకునేది. మా దిక్కు ముసలమ్మలు పోయినవాళ్లతో ఎదురుగా మాట్లాడుతున్నట్టే రాగం తీసి ఏడుస్తారు. నానమ్మ గొంతు వింటే నల్లగొండ నుంచి వచ్చిన చుట్టాలు బస్సు ప్రయాణం మరిచి కరిగిపోయేవారు. కొంగు కింద మనవరాలు కూడా కుమిలిపోతోందనుకునేవారు. ఆ కొంగు కింద చీకటిగా ఉండేది, తంబాకు వాసన వచ్చేది. నేను కళ్లు తెరుచుకుని కూర్చునేదాన్ని.

సెమీఫైనల్ రోజు ఇంట్లో పెద్ద గొడవైంది. నాయనకు కొడుకులు లేరు కాబట్టి తలకొరివి పెట్టింది చిన్నాయనే. దినాలు అయ్యేదాకా ఇల్లు కదలకూడదని పెద్దలందరూ అన్నారు, చిన్నాయన కూడా నేను పోనన్నాడు. నానమ్మ లేచి ఆయన బూట్లు తెచ్చి వాకిట్లో పెట్టింది. "వాడే ఉంటే నిన్ను మెడవట్టి గుంజుకపోతుండె. పో. పాపమొస్తే నాకొస్తది" అంది. మేనత్త ముక్కు మీద వేలేసుకుంది. చిన్నాయన తల వంచుకుని వెళ్లాడు.

సాయంత్రం జట్టులో ఒకతను సైకిల్ మీద వచ్చి, లోపలికి రావడానికి మొహమాటపడి, గేటు దగ్గరే నాతో గెలిచామని చెప్పి పోయాడు. నేను లోపలికి వచ్చానో లేదో ఊరి నుంచి కొత్తగా నలుగురు దిగారు. నానమ్మ నన్ను లాక్కుని కొంగు కప్పి, "నన్నిడిసిపోతివా కొడకా" అని రాగం ఎత్తుకుంది. ఊపిరి తీసుకునే సందులో కొంగులోకి తల వంచి, బియ్యం అయిపోయాయా అని అడిగేంత మామూలుగా, "ఏమాయె?" అంది.

"గెలిచిర్రు" అన్నాను.

మళ్లీ తల ఎత్తింది. "నీ తమ్ముడు గెలిచె కొడకా, సూసెటందుకు నువ్వు లేకపోతివి కొడకా" అంటూ అదే రాగంలో నాయనకు కబురు చెప్పింది. వచ్చినవాళ్లు గొల్లుమన్నారు. నేను కింది నుంచి ఆమె ముఖం చూశాను. కళ్లు పొడిగా ఉన్నాయి.

దినాలయ్యాక ఫైనల్ వచ్చింది. చిన్నాయన కొత్త గుండుతో ఆడాడు, కప్పు గెలిచారు. ఆ కాలేజీకి అదే మొదటి కప్పు. కుర్రాళ్లు డప్పులు మాట్లాడుకుని, దిల్‌సుఖ్‌నగర్ అంతా తిరిగి, చిన్నాయనను దింపడానికి మా ఇంటివైపు వచ్చారు. మా గల్లీ మొదట్లోకి రాగానే డప్పులు ఆగిపోయాయి. చావు జరిగిన ఇంటి ముందు వాయించకపోవడం మర్యాద. అంత గొప్ప జట్టూ కప్పును వెనక దాచుకుని పిల్లిలా నడిచి వచ్చింది. నానమ్మ వాకిట్లోకి వచ్చి నిలబడింది. "ఎందుకు ఆపిండ్రు? వాడు ఎదురుసూసింది దీనికే గద. కొట్టుండ్రి" అంది.

మొదట బెరుకుగా కొట్టారు, తర్వాత గోడలు అదిరేలా కొట్టారు. కుర్రాళ్లు ఎగురుతూనే ఏడ్చారు. అమ్మ తలుపు పట్టుకుని ఏడ్చింది, మేనత్త సంగతి సరేసరి. చిన్నాయన కప్పు తెచ్చి నా చేతుల్లో పెట్టాడు. బరువుగా ఉంది, అంతే. ఆ సంతోషం, ఆ దుఃఖం రెండూ స్టాపులో ఆగని బస్సులా నా పక్క నుంచి వెళ్లిపోయాయి.

మర్నాడు పొద్దున నానమ్మ నాకు జడ వేస్తుంటే అడిగేశాను, నాకు నాయన మీద నిజంగానే పానం లేదా అని. దువ్వెన ఆగింది.

"నాకు సుత రాలే బిడ్డ" అంది. "నోరు ఏడ్చింది, నేను ఏడ్వలే. కన్నదాన్ని, నాకే రాలే. మరి నాకు వాని మీద పానం లేదా?"

లేదని ఎలా అంటాను? నానమ్మ మళ్లీ దువ్వడం మొదలుపెట్టింది. వచ్చేది వచ్చినప్పుడే వస్తుందని, పిలిస్తే రాదని, అందాక వేళకు తిని బడికి పొమ్మని చెప్పి జడ బిగించి కట్టింది. నేను అలాగే చేశాను. తిన్నాను, బడికి పోయాను, ఎక్కాలు చదివాను. ఏడాదంతా అలాగే గడిచింది.

మరుసటి ఏడాది ఆ జట్టు తన పాత అలవాటుకు వచ్చేసింది. మొదటి ఆటలోనే ఓడింది. ఎల్బీనగర్ అవతల గ్రౌండులో జరిగిన ఆ ఆటకు నానమ్మా నేనూ పోయాం. చిన్నాయన కాళ్ల సందులోంచి బంతి పోయింది. తేలిగ్గా ఆపాల్సిన బంతి. ఆయన దాన్ని తీసుకుని, తిట్లు పడతాయేమోనన్నట్టు గోలు వెనక్కి తిరిగి చూశాడు. అక్కడ ఎవరూ లేరు.

ఇంటికి నడిచి వస్తుంటే, పండ్ల బండ్ల మధ్య, నాకు ఏడుపు మొదలైంది. ఎక్కడి నుంచి వచ్చిందో, ఎలా ఆపుకోవాలో తెలియలేదు. నడిరోడ్డు మీద వెక్కి వెక్కి ఏడ్చాను. నానమ్మ నన్ను ఊరుకోబెట్టలేదు, చెయ్యి పట్టుకుని నడుస్తూనే ఉంది. జామకాయల బండి ఆమె జాలిపడి పిల్ల ఎందుకు ఏడుస్తోందని అడిగింది.

"మ్యాచ్ ఓడిపోయిర్రు, గందుకే" అంది నానమ్మ. ఆ మాట అంటుండగానే ఆమెకూ కన్నీళ్లు కారాయి. ఈసారి రాగం లేదు, శబ్దం కూడా లేదు. ఇద్దరం మ్యాచ్ ఓడినందుకే ఏడుస్తూ కొత్తపేట దాకా నడిచాం.

ఇప్పుడు ఆ రోడ్డు నెత్తిన మెట్రో పోతోంది. ఈ వయసులో నాకు పెళ్లిళ్ల కంటే పరామర్శలే ఎక్కువ. పోయిన చోట ఎవరి కళ్లు తడిగా ఉన్నాయో, ఎవరివి లేవో చూడను. ఏ మూలనో పెదవులు బిగించుకుని కూర్చున్న పసిదాన్ని చూస్తే మాత్రం, పోయి ఆ పిల్లకూ జనానికీ నడుమ కూర్చుంటాను. ఏమీ అడగను. నా వీపు పెద్దదే, బాగానే అడ్డం వస్తుంది.