ఉప్పు కాపడం

మిర్యాలగూడ మిల్లుకు వడ్లు తోలే నిడమనూరు బండ్లలో చర్నాకోల లేని బండి కాటయ్యది. నాలుకతో చిన్న చప్పుడు చేస్తే చాలు, వాన వాసన తగిలినట్టు ఎద్దులు కదిలేవి.

"ఎద్దుల్ని నువ్వు తోల్తున్నవా, అవే నిన్ను తోల్తున్నయా కాటన్నా?" అనేవాడు తోటి బండివాడు దశరథ.

"నోరులేని జీవాలురా. ఎట్ల కొడ్తం?"

చిన్నప్పుడు కాటయ్యను తల్లి వెంకటనర్సమ్మ చింతబరికెతో కొట్టేది. బరికె విరిగాక పెంకులో ఉప్పు వేయించి, గుడ్డలో మూటగట్టి, కమిలిన వీపుకు కాపడం పెట్టేది. తానూ ఏడుస్తూ వాడి నోట్లో బెల్లంముక్క పెట్టేది. ఆ వేడిలోనే వాడికి నిద్ర పట్టేది. అమ్మ అంత దగ్గరగా కూర్చునేది అప్పుడు మాత్రమే.

పెళ్లయ్యాక కాటయ్య చేతులూ అదే దారి నడిచాయి. భార్య కొమురమ్మను కొట్టేవాడు. ఏడ్చేవాడు. ఉప్పు వేయించి తనే కాపేవాడు.

నిజాం రాజ్యాన్ని కూలగొట్టను యూనియన్ పటాలాలు వచ్చిన మరుసటి ఏడు కొమురమ్మ నెల తప్పింది.

"ఈ ఒక్కపారి కడుపు నిలవనియ్యి మామా. పోయినసారి నీ దెబ్బలకే పాయె."

కాటయ్య బండి కాడి మీద చెయ్యేసి ఒట్టు పెట్టాడు. బండివాళ్లకు అంతకు మించిన ఒట్టు లేదు. ఎండాకాలమంతా అది నిలిచింది.

తొలకరి పడ్డ సాయంత్రం, గడ్డివాము మీద తాటాకులు కప్పలేదని వాకిట్లోనే అతని గొంతు లేచింది. తిట్టుకుంటూ గుమ్మం దాటేసరికి పొయ్యి మీద ఉప్పు చిటపటలాడుతోంది.

"ఎవరికే దెబ్బ తాకింది?"

"ఇంకా తాకలే. నీ గొంతు ఇని ముందుగాల్నే పెట్టిన."

కాటయ్య నిలబడిపోయాడు. వేడి ఉప్పు వాసన చిన్ననాటి గదిలా చుట్టూ మూసుకుంది. ఆ వాసనకు ముందు ఏం జరగాలో అతని చేతికి తెలుసు. వద్దు వద్దనుకుంటూనే ఎత్తాడు.

కొమురమ్మ రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుంది. వీపుకు అడ్డం పెట్టడానికి ఇక చేతులు లేవు.

తర్వాత అతను ఏడుస్తూ మూట కట్టాడు. మంచం మీంచి ముసలితల్లి తృప్తిగా చూసింది.

"మెల్లగ కాపు కొడుకా. నీకు నేను గట్లనే కాపిన."

వీపు మీద వేడి పాకుతోంది. కొమురమ్మ మాత్రం చేతులు తీయకుండా, వాటి కింద ఒక చిన్న కదలిక కోసం ఎదురుచూస్తూ ఉండిపోయింది.