తైమి అత్త పెళ్లిళ్లు

ఉత్తర నమీబియాలోని మా ఊళ్లో తైమి అత్త నోటికి జడవనివాడు లేడు. దక్షిణాఫ్రికా సైన్యం వచ్చి మా నెత్తిన కూర్చున్నాక ఆ నోరే ఊరికి దిక్కయింది. వాళ్లను వెళ్లగొట్టాలని అడవిలో ఉన్న పోరాటం పిల్లలకు ఏ ఇల్లు తిండి పెట్టాలో, ఏ ఇల్లు మందులు తేవాలో ఆవిడే తేల్చేది. వాళ్లు వచ్చిపోయిన జాడలు ఇసుకలో మిగలకుండా వెంటనే పశువులను తోలాలన్నదీ ఆవిడ పెట్టిన కట్టుబాటే.

ఓ పొద్దున కాలికి తూటా తగిలిన నెలావో అనే పోరాటం పిల్ల తైమి గాదెలో, సజ్జల మధ్య దాక్కుని ఉంది. ఆమె కాలు ఈడ్చుకుంటూ వచ్చిన గీత ఇసుకలో గాదె దాకా ఉంది. ఇంతలో ఊరి చివర సైన్యం బండ్ల దుమ్ము లేచింది. జాడలు పట్టేవాళ్లూ వెంట ఉన్నారు.

"పశువుల్ని తోలండర్రా!" అని అరిచి తైమి నాలుక కరుచుకుంది. ఎండాకాలం కదా! మందలన్నీ దూరపు బీళ్లకు పోయాయి, తానే పంపింది. పిల్ల దొరికితే ప్రాణాలతో వదలరు. సజ్జలు దంచుతున్న ఆడవాళ్లు రోకళ్లు ఆపి చూశారు.

"గుడ్లప్పగించి చూస్తారేమే? ఆడండి! పెళ్లి!"

"ఎవరిదత్తా?" అంది పక్కింటి లోయిదె.

"నాదే, నీకేం నొప్పి?"

మా దగ్గర పెళ్లంటే ఆడవాళ్లంతా ఇసుక లేచేలా తొక్కి ఆడాల్సిందే. గుర్రపుతోక కుచ్చులు ఊపుతూ, నాలుకలాడిస్తూ కూతలు పెట్టారు. ఆ కూతలు విని చుట్టుపక్కల దొడ్లవాళ్లూ ఉరికొచ్చారు. ఎందుకని ఒక్కరూ అడగలేదు. చూస్తుండగానే ఇసుకంతా దున్నినట్టయింది.

బండ్లు ఆగాయి. "పెళ్లికొడుకేడీ?" అని దుబాసీ చేత అడిగించాడు అధికారి.

కంచె తగాదాతో ఏళ్లుగా తైమితో మాటల్లేని ముసలి హైకాలి అక్కడే నిలబడి ఉన్నాడు. తైమి అతని చెయ్యి పట్టి ముందుకు లాగింది.

"ఈయనే."

హైకాలి తల ఊపాడు. "అవును దొరా. నా ఖర్మ."

సైనికులు పకపకా నవ్వారు. జాడలు పట్టేవాడు వంగి వంగి వెతికి, ఏమీ దొరక్క చేతులు దులుపుకున్నాడు. తైమి పోసిన పులిసిన సజ్జంబలి తాగి అందరూ బండ్లెక్కారు. దుమ్ము అణిగాక తైమి గాదెకు ఆనుకుని భోరుమంది.

"ఏడుస్తావేం అత్తా, పెళ్లికూతురివి కదా!" అంది లోపలి నుంచి నెలావో.

"నోర్ముయ్యవే! ఆ ముసలాణ్ణి కట్టుకుంటే ఏడుపు రాదా మరి?"

ఈ కబురు ఊరూరా పాకింది. ఆ ఏడు మా ప్రాంతంలో జరిగినన్ని పెళ్లిళ్లు ముందెన్నడూ జరగలేదు. తైమి కూడా మళ్లీ మళ్లీ పెళ్లికూతురైంది. ఓసారి అదే అధికారి విసుక్కున్నాడు.

"ఎన్నిసార్లు చేసుకుంటావే ముసలిదానా?"

"మీరు మీ ఊరెళ్లేదాకా, నాయనా."

దుబాసీ మొహం తిప్పుకుని, "మొగుడితో పడటం లేదంటోంది దొరా," అన్నాడు.

మరుసటి ఏడు ఆ బండ్లన్నీ దక్షిణానికి మళ్లాయి. ఆ రోజు తైమి పెళ్లనే సాకు లేకుండా ఆడింది. పక్కనే నెలావో కుంటుకుంటూ ఆడింది.