పినాంగు ఫిట్టరు ఫైలులో పన్నెండో పుట

మిల్లు చరిత్ర రాసినవారు గేటు కాపలావాణ్ణి కూడా అడిగారు, నన్ను అడగలేదు. మూడు ఉత్తరాలు రాశాను, జవాబు లేదు. అందుకే ఇది.

పందొమ్మిదివందల యాభైల మధ్యలో కోయంబత్తూరులోని ఒక నూలు మిల్లులో ఎస్టాబ్లిష్‌మెంట్ హెడ్ క్లర్కుగా చేరాను. ఉద్యోగుల సర్వీసు పుస్తకాలు, పాస్‌పోర్టుల తనిఖీ నా పని. ఆ ఏడే రంగసామి అనే ఫిట్టరు మలయాలోని పినాంగు నుంచి వచ్చాడు. అది అప్పటికింకా బ్రిటిష్ వలస. అతని పాస్‌పోర్టులో వీసా ముద్ర లేదు. పుట్టిన ఊరు మాత్రం మాకు దగ్గర్లోని ఉడుమలైపేట అని ఉంది. ఇక్కడివాడే దొంగ పాస్‌పోర్టుతో వచ్చాడని నేను అనుమానించాను. నా పైనున్న పర్సనెల్ ఆఫీసరైతే పనిలోంచి తీసేద్దామన్నాడు.

నిబంధనలు తిరగేశాను. బ్రిటిష్ వలసల పాస్‌పోర్టు ఉన్నవారికి అప్పట్లో మన దేశానికి రావడానికి వీసా అక్కర్లేదు. ఇక పుట్టిన ఊరు. ఉడుమలైపేట వెళ్లి అతని అమ్మమ్మను కలిశాను.

"తొలి కానుపు పుట్టింట్లో గాక యాడప్పా? అయిదో నెలకే నా కూతురు బిడ్డనెత్తుకొని మొగుడి కాడికి ఓడెక్కె. నిన్ను మీ అమ్మ యాడ కన్నది?"

"పొల్లాచ్చిలో."

"నీ ఊరు?"

"కోయంబత్తూరు."

"అట్లయితే నువ్వూ దొంగవే. కాపి తాగి పో, సామీ."

రంగసామి తండ్రి పినాంగులో పుట్టినవాడని కూడా ఆమే చెప్పింది. పాస్‌పోర్టు ఆ హక్కుతో వచ్చిందే అని నోటు రాశాను. ఫైలులో పన్నెండో పుటగా అంకె వేసి, ఆఫీసరు చేతికే ఇచ్చాను. ఆయన చూడకుండానే ట్రేలో పడేశాడు.

మూడు వారాలకు రంగసామి పని పోయింది. నాగపట్నం వెళ్లి స్టీమరెక్కే ముందు నా బల్ల దగ్గరికొచ్చాడు.

"నా గురించి నోటు రాస్తానంటిరే, నిజంగా రాసినారా సార్?"

"రాశాను."

"రాసుంటే ఎవురో ఒకరు చదివుంటారే," అని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రమే ఫైలు తెప్పించి చూశాను. పదకొండు తర్వాత పదమూడు ఉంది.

నకలు మీద అందినట్టు సంతకం పెట్టించుకోకుండా ఏ కాగితమూ ఇవ్వకూడదు. రిటైరయ్యేదాకా మళ్లీ అలా ఇవ్వలేదు.

ఆ ఆఫీసరు ఈ ఊళ్లోనే ఉన్నాడు, కళ్లజోడు లేకుండానే పేపరు చదువుతాడని విన్నాను. ఇదీ చదవాలి. పన్నెండో పుట ఎవరు తీశారు? నాకు రాతపూర్వకంగా జవాబు కావాలి.