మామ్మ నోట్లో పట్టుగూడు

కొత్తగా పళ్ల డాక్టరునైన ఆ రోజుల్లో నా దగ్గర ధైర్యం తప్ప అన్నీ ఉండేవి: ఇస్త్రీ నలగని తెల్లకోటు, కళ్లద్దాలు, రోగి కనపడగానే మొదలయ్యే ఉపన్యాసం. ముంచింగిపుట్టు దగ్గర చిన్న ఆస్పత్రిలో మొదటి ఉద్యోగం. ఎవరి సాయమూ లేకుండా నేను తీసిన మొదటి దవడ పన్ను పట్టు మామ్మది. (కొండ మీద మద్దిచెట్లకు దసలి పట్టుపురుగులను పెంచేది గనక ఊరంతా అలాగే పిలిచేవారు.) పన్ను ఊడి వచ్చింది గాని, నా చెయ్యి వణకడం ఆగలేదు. ఎవరూ చూడకుండా ఆ చేతిని గ్లౌజుతో సహా కోటు జేబులో దాచేశాను. (జేబుకంటిన నెత్తుటి మరక తరవాత ఏ సబ్బుకూ లొంగలేదు.)

అసలు భయం అప్పుడే మొదలైంది. మామ్మకు షుగరు, పైగా అడ్డపొగ అలవాటు. చుట్ట వెలిగించి, నిప్పున్న వైపే నోట్లో పెట్టుకుని పీల్చేది. ఆ పొగ తగిలితే పన్ను తీసిన గుంత మానదు. మొదటి కేసే చెడితే కొండ మీద నుంచి ఇంకెవరూ నా కుర్చీ ఎక్కరు. అందుకని మా ప్రొఫెసరు గారు ఇచ్చిన స్పాంజి ముక్క తీశాను. పట్టుగూళ్ల నుంచి తయారుచేసినది, గుంతలో పెడితే కొత్త కండ పట్టడానికి ఆసరాగా ఉంటుంది.

"మామ్మా, ఇది పట్టుపురుగు గూటితో చేసిందే. పెట్టమంటావా?"

మామ్మ కళ్లు పెద్దవి చేసింది. "నా నోట్లో పట్టుపురుగేటి! పెట్టు మరి. పురుగులున్న సెట్టు కాడ పొగ ఎయ్యకూడదు. నీసు తినకూడదు. తగువులాడకూడదు."

"అవును, అన్నీ పాటించాలి!" అని చటుక్కున అందుకున్నాను. పురుగేమీ లేదని చెప్పాల్సింది. చెప్పలేదు. చదువుకున్నదాన్ని కదా, అవకాశం వదులుకుంటానా?

వారం తరవాత మామ్మ కోడలిని వెంటబెట్టుకుని వచ్చింది. గుంత శుభ్రంగా మానుతోంది, చుట్ట వాసన కూడా లేదు. "ఇంకో పన్ను కూడా తీసెయ్యండి డాక్టరమ్మా, వారం నుంచి ఇల్లు సల్లగుంది" అంది కోడలు. నేను పొంగిపోవాల్సిందే గాని, లోపల అబద్ధం గుచ్చుకుంటోంది. ఉండబట్టలేక చెప్పేశాను. "తప్పయిపోయింది మామ్మా. అందులో పురుగు లేదు."

మామ్మ కొత్త సందు కనిపించేలా నవ్వింది. "నాకు తెల్దేటి గుంటా? గూడు ఉడకబెట్టకండా పట్టు ఎలాగొస్తాది?"

"మరి చుట్ట ఎందుకు మానేశావు?"

"నీ సెయ్యి వొణికింది. జేబులో దాసేసినావు. కొత్తగా పురుగులు పెంచినోళ్లూ అలాగే వొణుకుతారు. మొదటి పంట పోతే మరి సెట్టు కాడికి రారు. నా పన్నే నీ మొదటి పంట కదేటి?"

నా కళ్లద్దాలు మసకబారాయి.

ఇప్పుడు నా చెయ్యి వణకదు. నా దగ్గర చేరే కొత్త డాక్టర్లు చెయ్యి జేబులో దాచుకుంటే మాత్రం చూడనట్టు తల తిప్పుకుంటాను. ఆ రోజే మామ్మ కాళ్లకు దండం పెట్టి ఉండాల్సింది. తెల్లకోటు నలుగుతుందని కాబోలు, పెట్టలేదు.