తీగ పీకినా ఆగని గీత

పోయిన వారం ఛాతీలో కాస్త పట్టేసినట్టుంటే జనగామలో దవాఖానకు వెళ్లాను. నర్సమ్మ నా ఒంటికి వైర్లు అంటించింది, పక్కనున్న తెర మీద నా గుండె గీత ఎగిరెగిరి పడుతుంటే దాన్నే చూస్తూ పడుకున్నాను. నేను కొంచెం పక్కకు ఒత్తిగిలేసరికి ఒక వైరు ఊడి, గీత ఒక్కసారిగా చదునైపోయింది. "గాబరా పడకు తాతా, వైరు ఊడింది గంతే" అని ఆమె నవ్వింది. నా చూపు మాత్రం ఊడిన ఆ వైరు మీదే ఉండిపోయింది. తీగ పీకినా ఆగని గీత ఒకదాన్ని ఒకప్పుడు నేను నా చేతులతోనే రాశాను.

అప్పట్లో జనగామ శివారులో ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో ల్యాబ్ చూసుకునేవాణ్ణి. మన వయసు వాళ్లకు తెలుసు, మనం థర్మామీటర్ ముందు గంటల తరబడి కూర్చుని, కనబడిన అంకెనల్లా రికార్డులో రాసుకున్నవాళ్లం. అలాంటిది అరచేతంత డబ్బా ఒకటి వచ్చింది. ఒకవైపు సెన్సార్ల తీగలు బిగించి, ఇంకోవైపు యూఎస్‌బీ తీగతో కంప్యూటర్‌కు తగిలించి, లెక్కలు చేసే సాఫ్ట్‌వేర్‌లో నాలుగు వరసల ప్రోగ్రాం రాస్తే చాలు, ఏ సెన్సార్‌ను ఎంతసేపటికి ఒకసారి చదవాలో డబ్బాకు చెప్పి, వచ్చిన అంకెలను అదే గీతగా గీసేది. సెన్సార్‌ను గుప్పిట్లో పట్టుకుంటే నా చేతి వేడికి గీత పైకి లేచిన రోజు, భోజనం సంగతి కూడా మరిచిపోయి మురిసిపోయాను.

అయితే మా యాజమాన్యానికి భూపాలపల్లిలో ఇంకో కాలేజీ ఉండేది, రెండింటికీ కలిపి డబ్బా ఒక్కటే. ఎక్కడికి తనిఖీ కమిటీ వస్తే అక్కడికి మా అటెండరు దాన్ని తువ్వాలులో చుట్టుకుని బస్సులో పట్టుకుపోయేవాడు. ఆ తిరుగుళ్లలో తీగ గుచ్చే చోటు వదులైపోయింది. ఒకసారి కమిటీ నిలబడి చూస్తుండగానే గీత ఆగి, తెర నిండా ఎర్రక్షరాలు వచ్చాయి. కోస్తా నుంచి వచ్చిన మా ప్రిన్సిపాల్ అందరి ముందూ నా యాసను అనుకరిస్తూ తిట్టాడు. మర్నాడే ప్రోగ్రాంలో రెండు వరసలు చేర్చాను: డబ్బా పలక్కపోతే ఆ సంగతి బయటపెట్టకుండా, పాత అంకెలనే కొంచెం అటూ ఇటూ మార్చి గీత సాగించమని. ఆ తర్వాత ఏ కమిటీ వచ్చినా మా గీత ఆగలేదు.

కొత్తగూడ దగ్గరి తండా నుంచి ఒక అమ్మాయి మా దగ్గర ఎంటెక్ చేసేది. ఎండ వేడితో మిర్చి ఆరబెట్టే పెట్టె ఒకటి తయారుచేసి, ల్యాబ్ మీది డాబాపై పెట్టి, లోపలి వేడిని మా డబ్బాతో కొలిచేది. ఆ ప్రాజెక్టు గట్టెక్కితే అక్కడే లెక్చరర్‌గా తీసుకుంటామని మాటిచ్చారు. వాళ్ల తండాలో అంతదూరం చదివింది ఆమె ఒక్కతే. ఇంట్లో వాళ్ల భాష వేరు గనుక తెలుగు కాస్త తడబడేది. ప్రిన్సిపాల్ మీద చూపలేని నా కసినంతా ఆ తడబాటు మీద చూపించేవాణ్ణి.

ఒకనాడు నా ల్యాబ్ క్లాసు మధ్యలో వచ్చి, "సార్, ముసురు వడ్డ దినం గూడ యాభై డిగ్రీలే సూపిస్తాంది. పెట్టెల చెయ్యి వెడితె సల్లగున్నది" అంది. మిర్చి ఏరిన చెయ్యి మొద్దుబారి ఉంటది, దానికేం తెలుస్తదని అన్నాను. క్లాసంతా నవ్వింది, ఆమె తల వంచుకుని వెళ్లిపోయింది. సాయంత్రం డాబా ఎక్కి చూస్తే డబ్బాలో గుచ్చిన తీగ వదులై వేలాడుతోంది. ఎన్ని వారాలుగా అలా ఉందో, ఆమె దాచుకున్న అంకెల్లో నిజమైనవి ఎన్నో, నా రెండు వరసలు అల్లినవి ఎన్నో నాకూ తెలియదు. చెబితే కమిటీలకు చూపించిన గీతల గుట్టు కూడా బయటపడుతుంది. తీగను గట్టిగా నొక్కి దిగి వచ్చాను.

వైవా రోజు వాళ్ల నాయిన అడవితేనె సీసా తెచ్చి నా చేతిలో పెట్టి, వరండాలో కూర్చున్నాడు. లోపల, బయటినుంచి వచ్చిన ఎగ్జామినర్ ఏ అనుమానంతోనో తీగను పట్టి లాగేశాడు. గీత మాత్రం హాయిగా సాగుతూనే ఉంది. దొంగ లెక్కలని ఆయన కాగితాలు విసిరేస్తుంటే, ఆమె నా వైపు చూసింది. నేను ఫ్యాను వైపు చూశాను.

ప్రాజెక్టు కొట్టేశారు, ఉద్యోగం మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఆరోజు వరండాలో ఆమె నన్ను ఆపి, "ముసురు దినమే చెప్పిన గద సార్. గా మాటొక్కటి లోపల చెప్పున్రి, చాలు" అంది. ముందే నువ్వు చూసుకోవాలె గద బిడ్డా, అన్నాను. సంగతేమిటో తెలియని వాళ్ల నాయిన లేచి రెండు చేతులూ జోడించి, "పిల్ల తప్పు చేస్తే కడుపుల పెట్టుకోన్రి సారూ" అన్నాడు. ఆ తేనెను మా ఇంట్లో నెలరోజులు తిన్నాం.

ఆమె మానుకోటలో మిర్చి కల్లాల్లో కూలికి వెళుతోందని తర్వాత ఎవరో చెప్పారు. మానుకోట మీదుగా వెళ్లిన ప్రతిసారీ, ఎర్రటి కుప్పలు కనబడగానే బస్సులో తల తిప్పుకునేవాణ్ణి.

ఇప్పుడా డబ్బాలకు తీగలే లేవట, అంకెలు గాలిలోనే వచ్చేస్తాయట. మొన్న తరిగొప్పులలో ఒక పెళ్లిలో భూపాలపల్లి కాలేజీ లెక్చరర్ ఒకాయన నన్ను గుర్తుపట్టి, డబ్బా మారినా ప్రోగ్రాం మాత్రం మీదే వాడుతున్నామని, ఇన్నేళ్లలో అది ఒక్కసారి కూడా ఆగలేదని పదిమందిలో మెచ్చుకున్నాడు. ఆ రెండు వరసలు తీసేయమని చెప్పడానికి నోరు తెరిచాను. ఇంతలో ఎవరో నా భుజాన శాలువా కప్పారు. నేను దండం పెట్టి కూర్చున్నాను.