కుంటి ఏమస్

ఉదయం లేవగానే క్లెమ్ ఆర్మెరాడ్ కుడి చేతి బొటనవేలిని వేడినీళ్ళ కప్పులో ముంచి కూర్చుంటాడు. టీ ఆ తరువాత. డెబ్బయ్యొకటో ఏట ఆ వేలు అతని కంటే గంట ఆలస్యంగా మేలుకుంటోంది. నీళ్ళు చల్లారేదాకా కిటికీలోంచి వాన చూస్తాడు. ఇంగ్లండులోని రాసెన్‌డేల్ లోయలో చూడడానికి వాన ఎప్పుడూ ఉంటుంది.

గోడ వారగా ఏడు పెట్టెలు. ఫిడేలు, మాండొలిన్, బాంజో, రేకు పిల్లనగ్రోవులు, ఒక మెలోడియన్, రెండు కాన్సర్టీనాలు. వాటిలో నాలుగింటిని తెరిచి ఏడాది దాటింది.

అతని పేరు అరవై మూడు రికార్డుల మీద ఉంది. యాభై తొమ్మిదింటి మీద వెనకవైపు, అడుగున, సన్నటి అక్షరాల్లో. ముందువైపు బొమ్మలో వేరే ఎవరో కంచెకు ఆనుకుని దూరంగా చూస్తుంటారు. పాడేవాళ్ళు ఊపిరి తీసుకునే చోట ఖాళీ నింపడం క్లెమ్ వృత్తి. ఆ పనిలో అతనంతటి వాడు లేడని అందరూ అనేవారు. అనేసి కారెక్కి వెళ్ళిపోయేవారు. తక్కినదంతా పబ్బుల మేడ మీది గదులు, ముప్ఫై కుర్చీలు, మధ్యలో లాటరీ, లాటరీలో బహుమతిగా ఒక నల్ల సాసేజీ, ఆ పైన ఎవరింట్లోనో వాళ్ళ పిల్లి వదిలిపెట్టిన సోఫా మీద పడక. నలభై ఐదేళ్ళు.

సొంతానివి నాలుగు. అందులో మూడు ఎవరికీ గుర్తు లేవు. మొదటిది, 1975 నాటిది, అందరికీ గుర్తుంది. దానిలో రెండో వైపు మూడో బాణీ వల్ల. ఆ బాణీ పేరు 'కుంటి ఏమస్'.

ఏమస్ బర్ట్‌వెల్ నూలు మిల్లులో నేతపని చేసినవాడు. చెక్కచెప్పులతో నేలను తాళంగా కొట్టే నాట్యానికి కాన్సర్టీనా వాయించేవాడు, రెండు చేతుల మధ్య తిత్తి నొక్కి వాయించే చిన్న పెట్టె. 1972 మార్చిలో ఇరవై ఏడేళ్ళ క్లెమ్ ఒక టేపు రికార్డరు మోసుకెళ్ళి, ఆయన వంటింట్లో ఒక మధ్యాహ్నమంతా కూర్చుని, ఇరవై మూడు బాణీలు పట్టుకొచ్చాడు. ఆ ఏడాది చివర చలికాలంలోనే ఏమస్ పోయాడు. టేపు అయిదు వందల కాపీల చిన్న రికార్డుగా వచ్చింది. పేరు లేని ఒక బాణీని క్లెమ్ దానిలోంచే నేర్చుకుని, పేరు పెట్టి, తన రికార్డులో వాయించాడు. అందులో ఒక చోట తాళంలో ఒక అడుగు లోపిస్తుంది. బాణీ తూలి, పడకుండా నిలదొక్కుకుంటుంది. అలాంటిది ఎవరూ విని ఉండలేదు. ఇవాళ ఇంగ్లండులో ఏ పబ్బులో నలుగురు బల్ల చుట్టూ వాయిద్యాలతో కూర్చున్నా అది వినబడుతుంది. దానికి 'బర్ట్‌వెల్ తడబాటు' అని పేరు కూడా వచ్చింది. వేసవి శిబిరాల్లో క్లెమే నేర్పాడు. "కాలు జారాలి, మనిషి పడకూడదు" అనేవాడు. పిల్లలూ పెద్దలూ పుస్తకాల్లో రాసుకునేవారు.

ఇప్పుడు చివరి రికార్డు తయారవుతోంది. ఒకప్పుడు కోళ్ళుండిన తన షెడ్డులో ట్రెవర్ సగ్డెన్ పదకొండు బాణీలు రికార్డు చేశాడు. మొదటి రికార్డు చేసినవాడూ అతనే. పన్నెండోది 'కుంటి ఏమస్'. ఆదివారం మధ్యాహ్నం వీవర్స్ పబ్బు మేడ మీద, ఊరి జానపద సంగీతం క్లబ్బు వాళ్ళందరితో కలిసి వాయించాలి. క్లెమ్‌కి ఒకటే కోరిక ఉండేది. ఆ ఒక్కటీ ఏమస్ సొంత కాన్సర్టీనా పెట్టె మీద వాయించాలని.

ఆ పెట్టె ఏమస్ కూతురు ఎడ్నా దగ్గర ఉంది. ఎడ్నా అతనితో మాట్లాడక నలభై ఏళ్ళు దాటింది. శనివారం సంతలో ఎదురైతే వీధి దాటి అవతలి వైపు నడిచేది. అతను రెండు ఉత్తరాలు రాశాడు. జవాబు లేదు. అక్టోబరులో హఠాత్తుగా ఒక కార్డు వచ్చింది. "ఇల్లు ఖాళీ చేస్తున్నాను. పెట్టె చూడాలంటే మంగళవారం రా. తినేసి రా."

*

"బూట్లు తుడుచుకో" అంది ఎడ్నా తలుపు తీస్తూ. ఎనభై నాలుగేళ్ళు. నిటారుగా ఉంది. "ముసలాడివైపోయావ్ అబ్బాయ్."

"మీరు మాత్రం అలాగే ఉన్నారు, ఎడ్నా గారూ."

"అబద్ధాలు రికార్డుల్లో చెప్పావుగా, చాలదూ? కూర్చో."

అదే వంటిల్లు. పొయ్యి మారింది. బల్ల మీద దిండు గలీబులో చుట్టి కాన్సర్టీనా ఉంది. క్లెమ్ దాన్ని విప్పి పట్టీల్లోకి చేతులు దూర్చాడు. తిత్తి గట్టిగానే ఉంది. మీటలు ఏమస్ వేళ్ళకి అరిగి గుంటలు పడ్డాయి. బొటనవేలు తిత్తికి గాలి వదిలే మీట మీద పెట్టగానే మణికట్టు దాకా నొప్పి పాకింది.

"వాయించు. నాన్నది" అంది ఎడ్నా.

వాయించాడు. బల్ల కింద చప్పుడు మొదలైంది. మొదట అతను గమనించలేదు. ఎడ్నా ముఖం కదలడం లేదు. చేతులు ఒళ్ళో ఉన్నాయి. ఇంటి చెప్పుల్లో ఆమె పాదాలు మాత్రం మడమా వేళ్ళూ మార్చి మార్చి నేలను కొడుతున్నాయి, చిన్నగా, ఒక్కటి తప్పకుండా. తడబాటు దగ్గరికి వచ్చాడు. చప్పుడు ఆగిపోయింది. ఆమె కుడికాలు గాలిలో నిలబడింది.

"నా కాలు ఎక్కడ పెట్టమంటావ్?"

క్లెమ్‌కి అర్థం కాలేదు.

"అక్కడ నేలుండాలి. నువ్వు నేల తీసేశావ్."

"ఆయన వాయించింది అలాగే, ఎడ్నా గారూ. నా దగ్గర టేపు ఉంది."

"టేపు ఉందిట! మా నాన్న ముప్ఫై ఏళ్ళు నాట్యానికి వాయించాడు. ఒక అడుగు మింగేస్తే పదహారు మంది చెక్కచెప్పులతో ఒకళ్ళ మీద ఒకళ్ళు పడరూ? నువ్వొచ్చిన రోజు నేను స్లిప్పర్ల ఫ్యాక్టరీలో డ్యూటీలో ఉన్నా. ఉండుంటే అక్కడే ఆడి చూపించేదాన్ని. ఆ తర్వాత నీ రికార్డు కొనుక్కున్నా. నాన్నని కుంటివాణ్ణి చేసి, ఆ పైన అదే పేరు పెట్టావ్. మా నాన్న మిల్లుకి రోజూ మూడు మైళ్ళు నడిచాడు, తెలుసా? నా మనవలు కూడా అడుగుతారు, ముత్తాతకి ఏ కాలు పోయిందని."

వాన గట్టిపడింది. ఆమె లేచి పెట్టె కుడివైపు చివరి మీట మీద వేలు పెట్టి చూపించింది.

"ఇది నొక్కు."

నొక్కాడు. గాలి మాత్రమే వచ్చింది, స్వరం లేదు.

"యాభై ఎనిమిదిలో విరిగింది లోపల స్వరం పలికే రీడు. లండన్‌కి పంపితే మూడు నెలలు పడుతుందన్నారు. మూడు నెలలు పెట్టె లేకుండా నాన్న ఉంటాడా? 'ఆ ఒక్కటీ నేనే అంటాలే' అన్నాడు."

"అనడమంటే?"

"గొంతుతో. ఆ చోటుకి రాగానే."

ఎడ్నా ఆ శబ్దం చేసి చూపించింది. "ఊఁ." పొట్టిగా, రొమ్ములోంచి, దూది ఇరుక్కున్నట్టు.

క్లెమ్ ఎరిగిన శబ్దమే అది. ఎక్కడిదో తెలిసిన క్షణంలో పెట్టెను బల్ల మీద పెట్టేశాడు.

మిల్లులో పనిచేసిన వాళ్ళందరి లాగే ఏమస్‌కి రొమ్ము నిండా నూలు దుమ్ము. వాయిస్తూ దగ్గేవాడు, దగ్గుతూ వాయించేవాడు. ఆ మధ్యాహ్నం క్లెమ్ మనిషిని చూడలేదు, టేపు రికార్డరు మీద ఊగే ముల్లును చూస్తూ కూర్చున్నాడు. రికార్డు వేయాలంటే దగ్గులు తీసెయ్యండన్నారు కంపెనీ వాళ్ళు. ట్రెవర్ వాళ్ళమ్మ ముందుగదిలో ఇద్దరూ రెండు రోజులు కూర్చున్నారు. టేపును వేలితో జరిపి, దగ్గు పట్టుకుని, బ్లేడుతో కోసి, అతికించారు. ఈ బాణీలో మాత్రం దగ్గు ప్రతిసారీ ఒక్క చోటే వచ్చింది. "చూడరా, ఈయన దగ్గు కూడా తాళంలోనే పడుతోంది" అన్నాడు ట్రెవర్. ఇద్దరూ కడుపుబ్బ నవ్వారు. కోసేశారు, ఆ అడుగుతో సహా.

"ఇన్నాళ్ళూ ఒక్క మాట చెప్పలేదేం?" అన్నాడు క్లెమ్ చివరికి.

"నువ్వు అడిగావా? రెండు ఉత్తరాల్లోనూ పెట్టె ఇమ్మన్నావ్. బాణీ సరిగ్గా ఉందా అని ఒక్క దాంట్లో అడగలేదు."

అతను పెట్టెను తిప్పి మరలు చూశాడు. అలవాటుగా, "రీడు మార్చమంటారా? అరగంట పని" అన్నాడు.

"ఇప్పుడా?" అంది ఎడ్నా. టీ కెటిల్ పొయ్యి మీద పెట్టింది.

*

ట్రెవర్ తన బతుకులో ఏదీ పారెయ్యలేదు. షెడ్డులో పై అరలోంచి ఒక బిస్కెట్ల డబ్బా దించాడు. లోపల గోధుమరంగు టేపు ముక్కలు, వేలెడంతవి, వానపాముల్లా చుట్టుకుని ఉన్నాయి. మూత లోపలి వైపు పెన్సిలుతో 'బర్ట్‌వెల్ దగ్గులు' అని రాసి ఉంది.

"నవ్వొచ్చి దాచా అప్పట్లో" అన్నాడు.

కళ్ళద్దాలు మార్చి మార్చి ముక్కలన్నీ ఒకదానికొకటి అతికించడానికి సాయంత్రమైంది. మీట నొక్కాడు. దగ్గు. దగ్గు. దగ్గు. మధ్యలో "ఊఁ". మళ్ళీ దగ్గు. "ఊఁ". మొత్తం ఆరుసార్లు. క్లెమ్ మాండొలిన్ తీసి ఒక తీగ మీటాడు. ఆరూ ఒకే స్వరం. ఆ పెట్టె పలకనిది.

ట్రెవర్ యంత్రం ఆపేశాడు. 

"ఇప్పుడేం చేద్దామంటావ్?"

"ఉన్నదున్నట్టు వాయిస్తా."

"ఒరేయ్, దేశమంతా వాయిస్తోందిరా దాన్ని. ఇంటింటికీ వెళ్ళి చెప్తావా?"

"చెప్పలేను. ఓపిక లేదు."

"మరి? నువ్వు ఎవరంటే ఆ తడబాటు వాడివి. అది తీసేస్తే ఏం మిగుల్తుంది చెప్పు? మామూలు నాట్యం బాణీ. అలాంటివి వెయ్యి ఉన్నాయి."

"అవును" అన్నాడు క్లెమ్. "మామూలుదే."

*

ఆదివారం వీవర్స్ మేడ మీద ఇరవై రెండు మంది వచ్చారు. ఫిడేళ్ళు, మెలోడియన్లు, తప్పదన్నట్టు ఒక డోలు. కింది నుంచి బఠానీల వాసన. ట్రెవర్ రెండు మైకులు నిలబెట్టి మూలన కూర్చున్నాడు. ఎడ్నాను ఎవరో చెయ్యి పట్టి మెట్లెక్కించారు. ఆమె దిండు గలీబులోని పెట్టెను క్లెమ్‌కి అందించి, కుర్చీలో కూర్చుని సంచీలోంచి చెక్కచెప్పులు తీసి, ఎవరి సాయం లేకుండా తొడుక్కుంది.

క్లెమ్ చెప్పాలనుకున్నాడు. ఇంటి దగ్గర మాటలు కూర్చుకున్నాడు కూడా. ఇరవై రెండు ముఖాలు చూశాక అలసట వచ్చింది. అందులో సగం మందికి ఆ తడబాటు తనే నేర్పాడు.

"మూడుసార్లు" అన్నాడు. అంతే. ఏదైనా మూడుసార్లే వాయిస్తారు.

మొదటిసారి. అందరూ కలిసి సాగారు, బాగానే. ఆ చోటు వచ్చింది. ఇరవై రెండు మంది అలవాటుగా, అందంగా జారారు. క్లెమ్ జారలేదు. వేలు ఎత్తి "ఊఁ" అన్నాడు. గది రెండుగా చీలిపోయింది. వాళ్ళు ఒక అడుగు ముందు, అతను ఒక అడుగు వెనక.

"ఎవరైనా ఆయనకి దగ్గు మందు పొయ్యండర్రా!" అని డోలు వాడు అరిచాడు. అందరూ నవ్వారు.

"ఒకటి ఎక్కువ పడింది, క్లెమ్! పెద్దవాడివయ్యావ్, పర్లేదు, మాతో రా!" అంది పక్కనున్న ఫిడేలావిడ, ప్రేమగానే.

అతను ఆపలేదు. రెండోసారి. ఇప్పుడు కొందరు అతని వేళ్ళకేసి చూస్తున్నారు. ఆ చోటుకి సగం మంది వాయించడం మానేశారు, ఎటు వెళ్ళాలో తెలియక. "ఊఁ". ఆ నిశ్శబ్దంలో ఎడ్నా చెక్కచెప్పు నేల మీద పడింది. ఒక్క దెబ్బ. పాత చెక్కనేల మోగింది. ఎవరూ నవ్వలేదు.

మూడోసారికి దాదాపు ఒంటరిగా వాయించాడు, అతనూ ఆ రెండు కాళ్ళూ. మధ్యలో బొటనవేలు గాలి మీట వదిలేసింది. తిత్తి బిగుసుకుంది. చివరి నాలుగు అడుగులూ ఎడ్నా కాళ్ళే వేశాయి, బాణీ లేకుండా. ఆగిపోయాయి.

ఫిడేలావిడ ఫిడేలు దించి మెల్లగా అడిగింది. "మరి మేమిన్నాళ్ళూ వాయించింది?"

"అది మేం చేసిన పని" అన్నాడు క్లెమ్ ట్రెవర్ వైపు తల ఊపుతూ. "తర్వాత చెప్తా. ఇవాళ కాదు."

వాళ్ళు ఒప్పుకున్నారో లేదో తెలియలేదు. డోలు వాడు కిందికి దిగి బీరు తెచ్చుకున్నాడు. పైకి వస్తూ పాత బాణీనే ఈల వేస్తున్నాడు, తడబాటుతో సహా. మెట్ల మీద అతని అడుగు మాత్రం ఎక్కడా తప్పలేదు.

ట్రెవర్ చెవుల మీది నుంచి హెడ్‌ఫోన్లు తీసి వచ్చాడు.

"దగ్గు మందు మాట రికార్డులో పడింది, నవ్వులు పడ్డాయి, చివర్లో నువ్వు చచ్చిపోయావ్. ఎక్కడ కోయమంటావ్?"

క్లెమ్ పెట్టెను దిండు గలీబులో చుట్టి ఎడ్నా ఒళ్ళో పెట్టాడు. ఆమె వంగి చెప్పుల పట్టీలు విప్పుకుంటోంది.

"కోయకు" అన్నాడు.

"పేరు?"

క్లెమ్ ఎడ్నాకేసి చూశాడు.

"నాన్న దానికేం పేరు పెట్టలేదు" అంది ఆమె తల ఎత్తకుండా. "వాయించేవాడు, మేం ఆడేవాళ్ళం. ముందు నన్ను కిందికి దింపండి. బఠానీలు చల్లారిపోతున్నాయ్."